కూర్చుని చెప్పాల్సిన వాక్యం

ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నవాణ్ణి. బ్యాంకు పరీక్షలవాళ్ళు, నర్సులు, విమానాల్లో ఉద్యోగం కావాలనుకునే అమ్మాయిలు, నోరు విప్పితే పళ్ళు రాలతాయేమో అన్నట్టు బిగుసుకుని కూర్చునే ఇంజనీర్లు, అందరూ నా బల్ల ముందు కూర్చుని లేచినవాళ్ళే. అలాంటి నన్ను ఒకే ఒక్క రకం వాక్యంతో మూడు వారాలు ఏడిపించిన మనిషి మా వదిన. వాక్యం రాక ఏడిపిస్తే నాకు బాధ లేదు, అది నాకు అలవాటే. వచ్చి కూడా ఏడిపించింది. అందుకే ఒళ్ళు మంట.

మా వదిన ఒక పెద్ద హోటల్ లాండ్రీలో పదహారేళ్ళుగా పనిచేస్తోంది. రెండు వందల గదుల దుప్పట్లు, తువ్వాళ్ళు, బల్లల మీద పరిచే గుడ్డలు, అన్నీ రోజూ అక్కడికే వస్తాయి. గది మధ్యలో పెద్ద రోలర్ యంత్రం ఉంటుంది. తడి దుప్పటిని ఇటు చివర ఇద్దరు ఆడవాళ్ళు అంచులు సమం చేసి అందిస్తే, అటు చివర పొగలు కక్కుతూ పొడిగా వస్తుంది. అక్కడ ఇంకో ఇద్దరు పట్టుకుని నాలుగు మడతలు పెడతారు. ఎనిమిది గంటలూ నిలబడే ఉండాలి. ఈ ఏడాది వదిన మోకాళ్ళు మొరాయించాయి. డాక్టరు ఎక్స్‌రే చూసి, నిలబడే పని మానకపోతే రేపు నడవడానికి కూడా ఉండదన్నాడు. హోటల్ వాళ్ళు ఆ చీటీ చూసి, నిలబడలేనివాళ్ళకి లాండ్రీలో పని లేదు, ఈ నెలాఖరు వరకే అన్నారు.

లాండ్రీ మొత్తానికి కూర్చుని చేసే పని ఒక్కటే ఉంది. పక్కనున్న గుడ్డల గదిలో ఇన్‌ఛార్జి కుర్చీ. అందులో పాతికేళ్ళుగా కూర్చున్న పెద్దావిడని అందరూ తాళాలావిడ అంటారు, నడుముకి ఎప్పుడూ తాళాలగుత్తి ఉంటుంది కాబట్టి. ఆవిడ రిటైరవుతోంది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు నలుగురు సహాయకులకీ, అన్ని అంతస్తుల వాళ్ళకీ పనులు పురమాయించాలి. వాళ్ళు తలో చోటినుంచీ వచ్చినవాళ్ళు, అందరికీ ఉమ్మడిగా అర్థమయ్యేది వచ్చీ రాని ఇంగ్లీషే. కాబట్టి ఇంగ్లీషులో పని చెప్పగలవాళ్ళకే కుర్చీ. మూడు వారాల్లో పరీక్ష.

"ఇంట్లో మాస్టారుని పెట్టుకుని నేను ఉద్యోగం పోయి ఇంటికి రావడమేమిటయ్యా" అంది వదిన ఆ రోజు. మా ఇంటికి కోడలిగా వచ్చిన నాటినుంచీ ఆవిడ నన్ను మాస్టారూ అనే పిలుస్తుంది, సగం గౌరవం, సగం వెక్కిరింత. అన్నయ్య పెళ్ళయిన నాటినుంచీ, అంటే పద్దెనిమిదేళ్ళుగా, నేను వాళ్ళింట్లోనే ఉంటున్నాను. అన్నయ్య లారీ నడుపుతాడు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే.

వదిన షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి. నా క్లాసులు పదకొండింటికి. కాబట్టి పొద్దున్న తొమ్మిది నుంచి పది వరకూ మా పాఠం. హాల్లో బల్ల జరిపి, గోడకి చార్టు అంటించాను. ఆ కుర్చీకి కావలసిన ఇంగ్లీషంతా నిజానికి ఒక్క అచ్చులో పోతపోయొచ్చు. కొన్ని క్రియలుంటాయి, వాటి వెనకాలే మనిషి, మనిషి వెనకాలే వస్తువు. గివ్ మి ద టవల్స్. సెండ్ హిమ్ టూ పిల్లోస్. షో హర్ ద స్టెయిన్. మనకున్న కి, కు, కోసం లాంటి అతుకులేవీ మధ్యలో అక్కర్లేదు. మనవాళ్ళు ఊరుకోరు, ఎక్కడో ఒకచోట ఒక టు దూర్చి గివ్ టు మి టవల్ అంటారు. దాన్ని పీకడానికి నాకు ఒక్కో బ్యాచికి నెల పడుతుంది.

వదినకి ఒక్క రోజు పట్టింది.

"ఇవ్వు, ఎవరికి, ఏమిటి. అంతేనా?"

"అంతే."

"ఇంత చిన్నదానికి నీ దగ్గర ఆర్నెల్ల కోర్సెందుకయ్యా?"

నాలుగో రోజుకి ఎదురు ప్రశ్నలు మొదలుపెట్టింది. "టెల్ మి ద నంబర్ అనొచ్చన్నావు. మరి నిన్న నేను ఎక్స్‌ప్లెయిన్ మి ద ప్రాబ్లమ్ అంటే కొట్టేశావేం?"

"అలా అనకూడదు. దాని వెనకాల మనిషి నేరుగా రాడు, అక్కడ టు కావాలి."

"ఎందుకని?"

"అదంతే."

"అయితే చెప్పమని అడగొచ్చు కానీ వివరించమని అడగకూడదు. ఇంగ్లీషూ నీ బాపతే."

ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, నేను అదంతే అనే చెబుతాను. ఇంత సూటిగా ఎవరూ తగిలించలేదు. కోపం రావలసింది పోయి లోపల సంబరపడ్డాను. ఇంత చురుకైన మనిషికి పరీక్ష ఓ లెక్కా అనుకున్నాను. రెండో వారంలో తెలిసింది లెక్క.

చార్టు పక్కన పెట్టి నిజంగా చేసి చూద్దామన్నాను. అల్మరాలోంచి దుప్పట్లు, తువ్వాళ్ళు తెచ్చి బల్ల మీద పేర్చాను. వదిన కుర్చీలో కూర్చోవాలి, నేను సహాయకుణ్ణి. ఆవిడ చెబితే నేను తేవాలి.

"బ్రింగ్ మి ద బ్లూ టవల్స్, ప్లీజ్" అంది. ఉచ్చారణకి నూటికి నూరు. నేను ఇంకా వెనక్కి తిరగనే లేదు, ఆవిడ బల్ల పట్టుకుని లేచి, రెండడుగులు వేసి, నీలం తువ్వాళ్ళు తీసి నా చేతిలో పెట్టింది.

ఇద్దరం నవ్వుకున్నాం. రెండోసారి దుప్పట్లు. మళ్ళీ లేచింది. మూడోసారి కత్తెర. వాక్యం సగంలో ఉండగానే లేచింది. నాలుగోసారి నాకు నవ్వు రాలేదు.

"వదినా, చెప్పేదానివి నువ్వు. తెచ్చేవాణ్ణి నేను. నువ్వెందుకు లేస్తావు?"

"నువ్వు వెతుక్కుంటున్నావు కదా. చటుక్కున ఇచ్చేస్తే పనైపోతుంది."

"పని అవడం కాదు ఇక్కడ పరీక్ష. పని చెప్పడం పరీక్ష."

"సరే సరే" అంది, మళ్ళీ లేచింది.

వారం రోజులు ఇదే తంతు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. బతిమాలాను, బెదిరించాను, కుర్చీని గోడకీ బల్లకీ మధ్య ఇరికించాను. అక్కణ్ణుంచి కూడా బల్లని మోకాలితో నెట్టుకుని లేచి, అబ్బా అని మోకాలు పట్టుకుంది. "గోడకి చెప్పుకున్నా నయమే, కనీసం లేవకుండా ఉండేది" అని అరిచాను. ఆవిడకి కళ్ళనీళ్ళ పర్యంతమైంది. అయినా గొంతు పెంచలేదు. "నేనేం కావాలని లేస్తున్నానా? నోరు చెబుతుంటే కాళ్ళు వాటంతటవే లేస్తున్నాయి, నేనేం చెయ్యను" అంది.

చివరికి నాకో ఉపాయం తోచింది. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోమన్నాను. కూర్చుంది. ఈసారి లేవలేదు కానీ గొంతు పోయింది. చేతుల మీద కూర్చుంటే ఆవిడ నోట్లోంచి వచ్చే గివ్ మి పక్క గదికి కాదు, పక్క కుర్చీకే వినపడదు. గొంతు పెంచమంటే చేతులు బయటికొచ్చేవి, చేతులొస్తే మనిషి లేచేది. అన్నయ్య ఫోన్ చేస్తే వాడికి మొరపెట్టుకున్నాను. వాడు పెద్దగా నవ్వి, "మీ వదినకి కూర్చోవడం నేర్పుతున్నావా? ఈ పద్దెనిమిదేళ్ళలో ఆవిడ కూర్చుని భోంచెయ్యడం నేనే చూళ్ళేదు" అన్నాడు. మెచ్చుకోలుగా అన్నాడు. నేనూ మెచ్చుకోలుగానే విన్నాను.

గురువారం పరీక్ష. క్లాసు మానేసి తోడు వెళ్ళాను. నన్ను లోపలికి రానివ్వలేదు కానీ, గుడ్డల గదికి సగం తలుపే ఉంది, పై సగం ఖాళీ. నడవలో నిలబడితే అంతా కనపడుతోంది. నాలుగు వరసల ఇనుప అరలు, వాటి నిండా అంచులు కలిపి పేర్చిన తెల్లటి బొత్తులు, ఒక బల్ల, ఒక ఫోన్, ఆ కుర్చీ. వదినకంటే ముందు ముగ్గురు పరీక్షకు వెళ్ళారు. ఒకావిడ బ్రింగ్ మి అని ఆగిపోయి, ఏం తెమ్మనాలో మర్చిపోయింది. ఇంకొకావిడ తెలుగులోనే కానిచ్చింది. నేను మనసులో లడ్డూలు పంచుకుంటున్నాను.

వదిన వెళ్ళి కుర్చీలో కూర్చుంది. నేను నేర్పినట్టే చేతులు తొడల కింద పెట్టుకుంది. మేనేజరు మేడమ్ సహాయకురాలిలా ఎదురుగా నిలబడింది. తాళాలావిడ గోడకి ఆనుకుని చూస్తోంది.

"బ్రింగ్ మి ద డబుల్ షీట్స్ ఫ్రమ్ ద సెకండ్ ర్యాక్, ప్లీజ్" అంది వదిన. గొంతు చిన్నదే అయినా వాక్యం నిక్కచ్చిగా ఉంది.

మేడమ్ రెండో అర దగ్గరికి వెళ్ళింది. డబుల్ దుప్పట్ల మీద చెయ్యి వెయ్యకుండా పక్కనున్న సింగిల్ దుప్పట్ల బొత్తి మీద వేసింది. నేను నడవలోంచే మనసులో అరిచాను. చెప్పు వదినా, అది కాదు, పక్కది ఇవ్వమని చెప్పు, ఒక్క ముక్క. వదిన చేతులు బయటికొచ్చాయి. బల్ల పట్టుకుంది. లేచింది. కుంటుకుంటూ వెళ్ళి, మేడమ్ చేతిలోంచి సింగిల్ బొత్తి తీసుకుని అరలో సర్ది, డబుల్ బొత్తి తీసి, అంచులు సవరించి ఆవిడ చేతిలో పెట్టింది. పెట్టి నవ్వింది కూడా. నాలుగు సార్లు చెప్పించారు. నాలుగు సార్లూ ఇదే.

మేడమ్ బయటికొచ్చి, నేనెవరో కనుక్కుని, నాతోనే చెప్పింది. "ఇంగ్లీషు మీ వదినగారిదే అందరిలోకీ బాగుంది. నేను కావాలనే తప్పు బొత్తి మీద చెయ్యి వేశాను, నోటితో దిద్దుతారేమో చూద్దామని. ఆవిడ ఈ కుర్చీలో ఉంటే నలుగురు సహాయకులూ నిలబడి చూస్తారు, పనంతా ఆవిడే చేస్తుంది. ఆ మోకాళ్ళతో నెల తిరక్కుండా మూలన పడుతుంది."

తాళాలావిడ వెనకనుంచి అందుకుంది. "ఇంకొక్క ఛాన్సివ్వండమ్మా. ఈ గదిలో ఏ గుడ్డ ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేది ఆవిడొక్కతే. సోమవారం దాకా ఆగండి." తర్వాత వదిన వైపు తిరిగి, "ఇంటికెళ్ళి ఎవరికైనా పని చెప్పి కూర్చోవడం నేర్చుకో తల్లీ. వాళ్ళు పాడు చేసినా సరే లేవకు" అంది.

దారి పొడుగునా వదినని దులిపేశాను. ఆటోవాడు అద్దంలోంచి చూస్తున్నా ఆగలేదు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు నేర్పాననీ, మూడు వారాలు బూడిదలో పోసిన పన్నీరయిందనీ, ఇంత బుర్ర పెట్టుకుని ఇంత తెలివితక్కువ పని ఎలా చేశావనీ అన్నాను. ఇల్లు చేరాక నేను చెప్పులు విప్పి, ఫ్యాను వేసుకుని, కుర్చీలో వాలి, "వదినా, కాస్త టీ పెట్టు" అన్నాను.

అన్నాక గానీ ఆ మాట నా చెవిన పడలేదు.

వదిన వంటింటి వైపు రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చింది. నా ఎదురు కుర్చీలో మోకాలు పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. చాలాసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు ఆవిడకి. తర్వాత నా మొహంలోకి చూసి, "బ్రింగ్ మి ఎ కప్ ఆఫ్ టీ, ప్లీజ్" అంది.

నేను లేచాను. నా సంగతి నాకు తెలుసు, ఆ క్షణంలో నేనేదో గొప్ప పాఠం చెప్పబోతున్న మాస్టారిలాగే లేచాను. వంటింట్లోకి వెళ్ళాక ఆ ఠీవి రెండు నిమిషాలు కూడా నిలవలేదు. పద్దెనిమిదేళ్ళుగా టీ తాగుతున్న ఇంట్లో టీపొడి డబ్బా ఎక్కడుంటుందో నాకు తెలియదు. నాలుగు డబ్బాలు తెరిచాను, ఒకటి ఒలకబోశాను. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. హాల్లోంచి కుర్చీ కిర్రుమన్న ప్రతిసారీ "లేవకు" అని నేను, "లేవలేదులే" అని ఆవిడ. నేను తెచ్చిన టీ ఒక గుక్క తాగి, రెండో గుక్క తాగలేక, "అయ్యవారేం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారట" అంది. పరీక్ష గదిలోంచి వచ్చాక ఆవిడ నవ్వింది అప్పుడే.

శుక్రవారం, శనివారం సెలవు పెట్టింది, ఆదివారం ఆవిడకి ఎలాగూ సెలవే. నేనూ క్లాసులు వేరేవాళ్ళకి అప్పగించాను. ఆ మూడు రోజులూ ఇంటిపనంతా నాదే. ఆవిడ హాల్లో కుర్చీలో కూర్చుని ఇంగ్లీషులో చెప్పేది. హ్యాండ్ మి ద బకెట్. షో మి ద ప్లేట్స్. గివ్ మి ద అదర్ వన్. చెప్పడం ఆవిడకి కష్టం కాలేదు, చూడడమే కష్టమైంది. నేను గిన్నెకి జిడ్డు వదిలేస్తే ఆవిడ పాదాలు నేలని నొక్కేవి. దుప్పటి వంకరగా మడత పెడితే కుర్చీ అంచుని రెండు చేతులతో పట్టుకునేది. ఒకసారి తట్టుకోలేక, "పోనీ ఇటు ఇవ్వు, ఒక్క మడతేగా" అంది. ఇవ్వలేదు. నాకేమీ సరదాగా లేదు. నడుము పట్టేసింది, చేతులు సబ్బుకి పగిలాయి, ఒక పని అయ్యేలోగా ఇంకో మూడు పనులు పుట్టుకొస్తున్నాయి. ఇంత చిన్న ఇంట్లో ఇంత పని ఎక్కడ దాక్కుందో అర్థం కాక విసుక్కున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు, ఇన్నాళ్ళూ నేను చెప్పేవాణ్ణి.

ఆదివారం మధ్యాహ్నం బల్ల మీద దుప్పటి పరిపించి, "ఐరన్ మి ఎ షర్ట్" అంది.

"ఎవరి చొక్కా?"

"నీదే. రేపు క్లాసుకి వెళ్ళవూ?"

ఇస్త్రీపెట్టె నేను పట్టుకోవడం అదే మొదలు. వీపు భాగం బాగానే వచ్చింది. కాలరు దగ్గర పెట్టె జారింది. నిలబెట్టబోయి దాని అంచుని మణికట్టుతో ఆపాను.

నేను పెట్టిన కేకకి కుర్చీ కదిలింది. వదిన సగం లేచింది. లేచినదల్లా అలాగే ఆగి, బల్ల అంచు పట్టుకుని, మళ్ళీ కూర్చుంది. మొహం తెల్లబోయింది. "స్విచ్చి తీసెయ్. కుళాయి కింద పెట్టు, నేను చెప్పేదాకా తియ్యకు" అంది. గొంతు పెద్దగా, స్పష్టంగా ఉంది. నేను కుళాయి కింద చెయ్యి పెట్టి నిలబడ్డాను. కొంతసేపయ్యాక హాల్లోంచే పిలిచింది. "ఇలా రా. షో మి యువర్ హ్యాండ్."

ఆవిడ నా దగ్గరికి రాలేదు కాబట్టి నేనే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, సొరుగులోంచి నా చేత తెప్పించిన మందు రాసింది.

"పాసైపోయావు వదినా, లేవలేదు" అన్నాను, నొప్పి మీదే.

"పాసవుతానులే. ఇలా కూర్చోవడం ఎంత పాపిష్టిదో నీకు తెలియదు" అంది.

మందు రాస్తుంటే ఆవిడ గాజులు మోచేతి వైపు జారాయి. ఎప్పుడూ అవి ఉండే చోట, మణికట్టు చుట్టూ, చిన్న చిన్న గీతల్లా కాలిన మచ్చలు. కొన్ని పాతబడి తెల్లగా, ఒకటి ఇంకా ఎర్రగా. నాకిప్పుడు కాలిన చోటే. ఏడు లెక్కపెట్టాను.

"లాండ్రీలోవా?"

"లాండ్రీలో రోలర్ మెషినయ్యా, దానికి అడ్డు ఉంటుంది. పదహారేళ్ళలో అక్కడ నాకు ఒక్కసారీ కాలలేదు" అంది, మందు మూత పెడుతూ. "ఇవన్నీ ఇంట్లోవే."

అన్నయ్య ఖాకీ చొక్కాలు ఇస్త్రీ ఎరగవు. ఆవిడ చీరలు ఉతికి ఆరేసి కట్టుకుంటుంది. మా ఇంట్లో రోజూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళేది నేనొక్కణ్ణే. షో మి యువర్ హ్యాండ్ అని ఈ ఇరవై రెండేళ్ళలో ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో లెక్కలేదు. నాకు సిగ్గేసింది. అంతకంటే పెద్ద మాట వెతికితే అబద్ధమవుతుంది.

సోమవారం వదిన ఒక్కతే వెళ్ళింది, నన్ను రావద్దంది. నేను ఒక భుజం నలిగి, కాలరు దగ్గర గోధుమరంగు మచ్చపడ్డ చొక్కా తొడుక్కుని క్లాసుకి వెళ్ళాను. పన్నెండింటికి ఫోన్ వచ్చింది.

"కుర్చీ ఇచ్చారయ్యా మాస్టారూ, ఇవాళ్టినుంచే. అందులో కూర్చునే మాట్లాడుతున్నాను" అంది. తర్వాత, "చెయ్యెలా ఉంది?" అని అడిగింది.

క్లాసులో నలభై మంది నా వైపే చూస్తున్నారు. తగ్గిందన్నాను. నీ చేతుల గురించి నేనెప్పుడూ అడగలేదు వదినా అనబోయాను. అంతలోనే అటునుంచి ఆవిడ ఎవరికో దుప్పట్లు తెమ్మని చెబుతోంది. చెప్పి, వాళ్ళు తెచ్చేదాకా ఆగింది.